డైనోసార్ వ్యాలీకి బయల్దేరే ముందు ఏరు చూసుకోండి

"ఏదిరా అడుగు?" అని అడిగారు నాన్న.

ఏటి గట్టున నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. కింద ఏరు చిక్కటి టీ రంగులో ఉరకలేస్తోంది. గుంటూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వారం రోజులుగా ఆయన్ని ఊరిస్తున్నాను, పదకొండు కోట్ల ఏళ్ళ కిందట డైనోసార్ వేసిన అడుగులో నువ్వు కాలు పెట్టి నిలబడొచ్చు నాన్నా అని. తీరా చూస్తే రెండు రోజుల ముందు ఎగువన పడ్డ వానకి ఆ అడుగులన్నీ బురద నీళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. "మన కాలవ కూడా ఇలాగే ఉంటుంది కదరా, దీన్ని చూడ్డానికి ఇంత దూరం రావాలా?" అని ఆయన కారు వైపు నడిచారు. ఆ రోజు మాకు దక్కింది అమ్మ చేసిన పులిహోర ఒక్కటే.

తప్పు నాదే. బుకింగ్ చేశాను, కారు నిండా సామాను సర్దాను, శనివారం ఎండ కాస్తుందని ఫోన్‌లో చూశాను. ఏరు సంగతి మాత్రం చూసుకోలేదు. అప్పటి నుంచీ చాలాసార్లు వెళ్ళాను. వచ్చిన బంధువుల్నీ స్నేహితుల్నీ తీసుకెళ్తూనే ఉన్నాను. "ఎలా ప్లాన్ చేయాలి?" అని అడిగే ప్రతివాళ్ళకీ ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాస్తే పోతుందనిపించింది.

ఇది టెక్సాస్‌లోని డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు సంగతి. గ్లెన్ రోజ్ అనే చిన్న ఊరి పక్కన, పలక్సీ అనే ఏటి వంపులో ఉంటుంది. డల్లాస్ శివార్లలోని ఇర్వింగ్ నుంచి సుమారు గంటన్నర, ఫ్రిస్కో వైపు నుంచైతే రెండు గంటలు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు ఇంటికొచ్చేయొచ్చు.

స్టేట్ పార్కు వేరు, నేషనల్ పార్కు వేరు

కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కేన్యన్ లాంటివి కేంద్ర ప్రభుత్వానివి. వాటికి తీసుకునే 'అమెరికా ద బ్యూటిఫుల్' పాస్ స్టేట్ పార్కు గేటు దగ్గర చెల్లదు. నాలుగో తరగతి పిల్లలకిచ్చే ఉచిత పాస్ కూడా అంతే. స్టేట్ పార్కులు రాష్ట్రానివి కాబట్టి ఏ రాష్ట్రం పద్ధతి దానిది. పెన్సిల్వేనియా, ఇల్లినాయిలలో ప్రవేశ రుసుమే లేదు. కాలిఫోర్నియాలో చాలాచోట్ల కారుకి ఇంత అని కట్టాలి. టెక్సాస్‌లో మనిషికి ఇంత అని లెక్క.

టెక్సాస్‌లో ఈ పార్కుల వ్యవస్థ 1923లో మొదలైంది. ఇప్పుడు 80కి పైగా ఉన్నాయి. 2023లో నూరేళ్ళు నిండినప్పుడు, కొత్త పార్కుల భూములు కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధి పెట్టాలా వద్దా అని ఓటు పెడితే జనం పెట్టమనే ఓటేశారు. పన్నుల మాటెత్తితే ఒంటికాలి మీద లేచే రాష్ట్రంలో ఇది చిన్న విషయమేమీ కాదు.

అసలు అక్కడ ఏముందో ముందు తెలుసుకోండి

తెలియకపోతే పిల్లలకి రాతిలో గుంటలే కనిపిస్తాయి.

సుమారు 11.3 కోట్ల ఏళ్ళ కిందట ఇది సముద్రపు ఒడ్డు. లోతు లేని వెచ్చటి నీళ్ళు, గవ్వల సున్నంతో నిండిన మెత్తటి బురద. ఆ బురద సరైన పదునులో ఉన్నప్పుడు డైనోసార్లు దాని మీదుగా నడిచాయి. మరీ పలచగా ఉంటే అడుగు పూడిపోయేది, మరీ గట్టిగా ఉంటే పడేది కాదు. సిమెంటు చప్టా వేసిన పూట ఆరకముందే కుక్క నడిచి వెళ్ళిపోతే ఆ గుర్తులు ఇంటికి శాశ్వతంగా ఉండిపోతాయి చూడండి, అచ్చం అలాగన్నమాట. తర్వాత వేరే రకం మట్టి వచ్చి వాటిని కప్పేసింది, అడుగున ఉన్నది రాయిగా మారింది. ఇప్పుడు ఏరు ఆ పైపొరని కోసుకుంటూ పోతుంటే కింది రాయి, దాని మీది అడుగులు బయటపడుతున్నాయి.

1908లో పెద్ద వరద వచ్చి ఏటి అడుగుని ఊడ్చేసింది. ఆ మరుసటేడు ఒక కుర్రాడి కంట ఈ మూడు వేళ్ళ గుర్తులు పడ్డాయి. తర్వాత ఆర్థికమాంద్యం రోజుల్లో స్థానికులు కొందరు ఈ అడుగుల్ని పెకలించి అమ్ముకున్నారు. గిరాకీ ఉంది కదా అని రాళ్ళ మీద మనుషుల పాదాల్ని కూడా చెక్కి అమ్మారు! న్యూయార్కు మ్యూజియం తరఫున తిరుగుతున్న ఆర్.టి. బర్డ్ అనే ఆయన న్యూమెక్సికోలో అలాంటి రాళ్ళు చూసి, ఆరా తీసుకుంటూ 1938లో ఇక్కడికి వచ్చాడు. నకిలీ రాళ్ళ వెంట వచ్చినవాడికి అసలు దారి దొరికింది. ఏనుగు కాళ్ళలాంటి పెద్ద పెద్ద గుర్తులు వరసగా కనిపించాయి. ఆయన పెకలింపించిన ఆ రాతిపలకల్లో కొంత భాగం న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉంది, కొంత ఆస్టిన్‌కి వెళ్ళింది. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళు టెక్సాస్ దాకా రాకుండానే అక్కడ వాటిని చూడొచ్చు. కానీ ఏటి నీళ్ళలో నిలబడి చూసే అనుభవం అద్దాల హాల్లో రాదు.

1968లో రాష్ట్రం ఈ భూమి తీసుకుంది, 1972లో పార్కు తెరిచారు.

మొదటి పని: తేదీ కాదు, నీళ్ళు

మనం సాధారణంగా ముందు సెలవు చూసుకుంటాం, తర్వాత నలుగురికీ ఫోన్లు చేస్తాం, ఆ తర్వాత వాన పడుతుందేమో చూస్తాం. ఇక్కడ ఈ వరస తిరగెయ్యాలి. అడుగులన్నీ ఏటి గర్భంలోనే ఉన్నాయి. నీళ్ళు తగ్గి, తేటపడితేనే కనిపిస్తాయి. పార్కు వాళ్ళని ఏమనుకున్నా లాభం లేదు, ఏరు వాళ్ళ మాట వినదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నీళ్ళు బాగా తగ్గుతాయి. 2022 వేసవి కరువులో ఏరు చాలాచోట్ల పూర్తిగా ఎండిపోయి, మామూలుగా నీళ్ళ కిందా ఇసుక కిందా ఉండిపోయే అడుగులు కూడా బయటపడ్డాయి. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కానీ ఆగస్టు ఎండ సంగతి ఇక్కడుండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. ఏటి గర్భంలో సున్నపురాయి మీద నిలబడితే పైనుంచీ కిందనుంచీ కాలుతుంది.

మార్చి, ఏప్రిల్ చల్లగా ఉంటుంది, పూలు పూస్తాయి, పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్ వస్తుంది. అందుకే జనం. పైగా వానలు. మే నెల ఉత్తర టెక్సాస్‌లో వానలకి పెట్టింది పేరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంకో తంటా ఉంది. పార్కు నిండా సీడర్ అని పిలిచే చెట్లు, వాటి పుప్పొడి గాలిలో ఉంటుంది. సీడర్ ఫీవర్ అంటే జ్వరం కాదు గానీ ముక్కు, కళ్ళు ఒకటే ధార. మీకు ఎలర్జీ ఉంటే ఆ మూడు నెలలూ వదిలేయండి.

నా ఓటు సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా. చివర్లో మన కార్తీకం, వనభోజనాల కాలం కూడా కలిసొస్తుంది. ఉసిరిచెట్టు దొరకదు, ఏటి పక్కనున్న చెట్టు నీడతోనే సరిపెట్టుకోవాలి. ఒక్క జాగ్రత్త ఏమిటంటే అక్టోబరులో కూడా ఇక్కడ గట్టి వానలు పడుతుంటాయి. కాబట్టి నెల ఏదైనా ఏరు చూసుకోవాల్సిందే.

చూడటం ఎలాగంటే, అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు గ్లెన్ రోజ్ దగ్గర పలక్సీ మీద నీటి కొలత యంత్రం పెట్టారు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఏటి పేరు, ఊరి పేరు కొడితే గ్రాఫ్ వస్తుంది. అందులో ఉండే సెకనుకి ఘనపుటడుగుల లెక్కే మనం ప్రకాశం బ్యారేజీ వార్తల్లో వినే క్యూసెక్కు. అంకె చూసి కంగారు పడక్కర్లేదు, గీత తీరు చూస్తే చాలు. గీత కొన్నాళ్ళుగా అడుగునే బల్లపరుపుగా పాకుతుంటే శుభం. ఒక్కసారిగా నిక్కబొడుచుకుందంటే పైన వాన పడ్డట్టు. అది దిగాక కూడా బురద తేరుకోవడానికి టైం పడుతుంది, నేనైతే వారం ఆగుతాను. దీంతో పాటు ముందు రోజు పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "రేపు ఏయే చోట్ల అడుగులు కనిపిస్తాయి?" ఈ ప్రశ్న వాళ్ళకి అలవాటే.

బుకింగ్, డబ్బులు

టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లోనో ఫోన్‌లోనో డే పాస్ బుక్ చేసుకోవాలి. 30 రోజుల ముందు నుంచి ఇస్తారు. "పార్కే కదా, పోతే సరి" అనుకుంటే శని ఆదివారాల్లో గేటు దగ్గర నుంచే తిప్పి పంపేస్తారు. జనం నిండిపోతే ఇక లోపలికి రానివ్వరు. ఎంత బతిమాలినా ప్రయోజనం ఉండదు, ఇంకో పార్కు దగ్గర బతిమాలి మరీ చెబుతున్నాను.

2025లో 13 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకి మనిషికి 8 డాలర్లు ఉండేది. 12 ఏళ్ళు, అంతకంటే తక్కువ ఉన్న పిల్లలకి ఉచితం. ఏడాది పాస్ అప్పుడు 70 డాలర్లు, అది టెక్సాస్ స్టేట్ పార్కులన్నిటికీ చెల్లుతుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ఓసారి చూసుకోండి. ఆ లెక్కన మీరిద్దరూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నా కలిస్తే ఒక్క ట్రిప్పుకి 32 డాలర్లు. ఏడాదిలో మూడుసార్లు ఇక్కడికి వచ్చినా పాస్ డబ్బు వచ్చేసినట్టే.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఏడాది పాస్ ఉన్నా సరే ఆ రోజుకి డే పాస్ బుక్ చేసుకోవాలి. డబ్బు పడదు, కానీ చోటు ఖాయం కావాలి కదా. రెండోది, పాస్ ఉన్న మనిషితో పాటు అదే కారులో వచ్చినవాళ్ళకే ఉచితం. మనవాళ్ళు అయిదు కుటుంబాలు, అయిదు కార్లు వేసుకుని వెళ్తారు. ముందు కారులో ఉన్నాయన పాస్ వెనక నాలుగు కార్లకీ వర్తిస్తుందని ధీమాగా ఉంటారు. వర్తించదు. గేటు దగ్గర లైను ఆపేసి వాట్సాప్ గ్రూపులో వాదించుకోవడం కంటే ఈ లెక్క ముందే తేల్చుకోండి.

ఎవరెవరు వస్తున్నారు?

ప్లాన్ అంతా దీన్ని బట్టే ఉంటుంది. ముఖ్యమైన అడుగులున్న చోటుకి వెళ్ళాలంటే రాతిమెట్లు దిగాలి, అవి నిటారుగా ఉంటాయి. కింద ఏటిలో అడుగేసి దాటడానికి పెద్ద రాళ్ళు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని దింపమని బలవంతం చేయకండి. గట్టు మీద నుంచి కూడా చాలా వరకు కనిపిస్తుంది. మా అమ్మ మడత కుర్చీలో పైనే కూర్చుని, కింద మేం జారినప్పుడల్లా "చూసుకో, చూసుకో" అంటూ మాకంటే ఎక్కువ హడావిడి చేసింది.

చీరతో ఏటిలోకి దిగొద్దని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, పంజాబీ డ్రెస్సు నయం. జీన్స్ తడిస్తే బండంత బరువు, ఆరదు. అన్నిటికంటే ముఖ్యం చెప్పులు. హవాయి చెప్పులు వద్దే వద్దు. నీళ్ళలో ఉన్న సున్నపురాయి మీద పాచి ఉంటుంది, అది సబ్బు రాసిన బాత్రూమ్ టైల్‌తో సమానం. వెనక పట్టీ ఉండి, అడుగు గరుగ్గా ఉన్న నీళ్ళ బూట్లు గానీ, తడిస్తే తడిసిందనుకునే పాత స్పోర్ట్స్ షూస్ గానీ వేసుకోండి. ఒక్కొక్కరికీ ఇంకో జత, టవలు, మార్చుకునే బట్టలు కారులో ఉంచండి.

పిల్లల కోసం ఇంటి నుంచి ఒక కొలత టేపు తీసుకురండి. ఎందుకో చెబుతాను.

తిండి

ఇందులో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పులిహోర తిరుగులేనిది, మధ్యాహ్నానికి ఇంకా రుచి తేలుతుంది. పెరుగన్నానికి మాత్రం పాత చిట్కా పాటించండి. అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి రెండు చెంచాల పెరుగుతో తోడేసినట్టు కలిపి, కూలర్‌లో ఐసు పక్కన పెడితే తినే వేళకి పులవకుండా సరిగ్గా ఉంటుంది. పెరుగే పోసి కలిపితే ఆ ఎండకి ఒంటిగంటకల్లా నోట పెట్టలేం. చపాతీలు, చెక్కలు, అరటిపళ్ళు చాలు. గారెలు వేస్తాం, అక్కడే బజ్జీలు వేస్తాం లాంటి ఉత్సాహాలు వద్దు. ఎండాకాలంలో కౌంటీ వాళ్ళు నిప్పు మీద నిషేధం పెడుతుంటారు, దాన్ని బర్న్ బ్యాన్ అంటారు. అది ఉందో లేదో చూసుకోకుండా పొయ్యి వెలిగించకూడదు. ఎండుకట్టెలు ఏరడానికి కూడా వీల్లేదు, పొయ్యికి కట్టెలు కొనుక్కోవాల్సిందే.

నీళ్ళు ఎంత తీసుకెళ్ళినా తక్కువే అనుకోండి. నడిచేటప్పుడు మనిషికి గంటకి అర లీటరు లెక్క. మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు వేసుకోండి. బీరు బహిరంగంగా తాగడం స్టేట్ పార్కుల్లో నిషేధం, స్పీకర్ పెట్టి పాటలు మోగించడం పక్కవాళ్ళకి ఇబ్బంది, డ్రోన్ ఎగరేయకూడదు. దీపావళి దగ్గర్లో వెళ్తుంటే టపాసులు ఇంట్లోనే వదిలేయండి.

ఆ రోజు

పొద్దున ఏడున్నరకల్లా గ్లెన్ రోజ్ చేరేలా బయల్దేరండి. దీనికి రద్దీ ఒక్కటే కారణం కాదు, వెలుగు కూడా. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అడుగు అంచున నీడ పడి లోతు తెలుస్తుంది. నడినెత్తిన ఎండ ఉంటే తెల్లటి రాయి అంతా ఒకటే మెరుపు, ఫొటోలో గుంట ఉన్నట్టే తెలియదు.

ఊరు దాటాక పార్కుకి వెళ్ళే దారిలోనే డైనోసార్ వరల్డ్ అనే బోర్డు కనిపిస్తుంది. అది వేరు, ప్రైవేటు ఉద్యానం, పెద్ద పెద్ద బొమ్మలుంటాయి, టిక్కెట్టు వేరు. పిల్లలకి నచ్చుతుంది, వెళ్ళొద్దనను. కానీ స్టేట్ పార్కు బుకింగ్ పట్టుకుని అక్కడికి వెళ్ళి నిలబడేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. దారి మ్యాపు, బుకింగ్ కాగితం ముందే ఫోన్‌లో దింపుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

పార్కులో ఒక టీ-రెక్స్, ఒక అపటోసారస్ నిలువెత్తు ఫైబర్‌గ్లాస్ బొమ్మలున్నాయి. 1964-65లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఒక చమురు కంపెనీ చేయించినవి, తర్వాత ఇక్కడికి చేరాయి. అందరూ ముందు అక్కడ ఆగి అరగంట ఫొటోలు దిగుతారు. మీరు అవి తిరుగు ప్రయాణంలో దిగండి, అవి ఎక్కడికీ పోవు, పొద్దుటి వెలుగు పోతుంది. ఇంకో మాట, ఏటిలో ఉన్న అడుగులు ఈ రెండింటివీ కావు. టీ-రెక్స్ పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే ఆ అడుగులు పడ్డాయి.

మరి ఎవరివి? మూడు వేళ్ళతో, కొసన గోరు గుర్తుతో కోడి అడుగులా ఉండేది మాంసం తినేది, అక్రోకాంథోసారస్ అని అంచనా. గుండ్రంగా రోలు గుంటలా ఉండేది పొడుగు మెడ, శాకాహారి. దాన్ని సారోపొసైడన్ అంటున్నారు. దాని వెనక కాలి గుర్తు గజం పైనే ఉంటుంది, ముందు కాలిది చిన్నది. అక్కడక్కడా మనిషి పాదంలా పొడుగ్గా కనిపించేవి కూడా ఉన్నాయి. అవి చూసి మనిషీ డైనోసారూ కలిసి తిరిగారని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ మాంసాహారి కొన్నిసార్లు మడమ దాకా ఆనించి నడిచింది, వేళ్ళ గుర్తులు బురదతో పూడిపోయి పొడుగాటి గుంట మిగిలింది.

మెయిన్ ట్రాక్ సైట్‌తో మొదలుపెట్టండి, రెండు రకాలూ ఒకేచోట కనిపిస్తాయి. తర్వాత నీళ్ళు అనుకూలంగా ఉంటే బాల్‌రూమ్ సైట్. అక్కడ ఒక్కటి కాదు, అటూ ఇటూ బోలెడు అడుగులు, పేరుకి తగ్గట్టు నాట్యమాడినట్టు ఉంటాయి. అడుగులో మట్టి పేరుకుని ఉంటే దోసిలితో నీళ్ళు చల్లి కడగండి, మెత్తటి చీపురైతే ఇంకా మంచిది. కర్రతో, రాయితో గీకొద్దు. రాయి ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, అది చట్టం.

ఇప్పుడు టేపు తీయండి. మూడు వేళ్ళ అడుగు పొడవు కొలిచి నాలుగుతో హెచ్చవేయండి. శాస్త్రజ్ఞులు వాడే ఉజ్జాయింపు లెక్క అది, నేల నుంచి తుంటి దాకా ఎంత ఎత్తో వస్తుంది. మా అమ్మాయి కొలిచినది 20 అంగుళాలు వచ్చింది. నాలుగు ఇరవైలు ఎనభై, అంటే ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. "తుంటి ఒక్కటేనా అంత?" అని నా నెత్తి మీదికి చెయ్యెత్తి చూసింది. అప్పటిదాకా అది గుంట, అప్పట్నుంచి జంతువు.

నాన్నకి టేపు అక్కర్లేకపోయింది. రెండో ఏడు సెప్టెంబరు చివర్లో, చీలమండ లోతు తేట నీళ్ళలో, ప్యాంటు మడుచుకుని వంగి ఆ పెద్ద గుంటని జానలతో కొలిచారు. నాలుగు జానలూ బెత్తెడు. "ఇది కదరా అడుగంటే" అని అందులో కాలు పెట్టి నిలబడ్డారు. చుట్టూ ఇంకో పాదం పట్టేంత చోటు మిగిలింది.

మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి అడుగుల దగ్గర నుంచి లేచి బ్లూ హోల్‌కి వెళ్ళండి. ఏటిలో లోతైన మడుగు అది, ఈత కొట్టొచ్చు. లైఫ్‌గార్డు ఉండడు. ఈత రాని పిల్లలకి లైఫ్ జాకెట్ తప్పనిసరి అనుకోండి. చేపలు పట్టే సరదా ఉంటే, స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. నడిచేవాళ్ళకి ఏటి అవతల కొండ మీద మైళ్ళ కొద్దీ దారులున్నాయి. అయితే వంతెన లేదు, నీళ్ళలో దిగే దాటాలి. వెళ్ళేటప్పుడు మోకాలి లోతు ఉన్నది వచ్చేటప్పుడు కూడా అంతే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే అవతలికి వెళ్ళకండి.

వరద, ఎండ, పురుగూ పుట్రా

వరద గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 2025 జులై 4 తెల్లవారుజామున టెక్సాస్ హిల్ కంట్రీలో గ్వాడలూపే నది కొద్ది గంటల్లో ఉప్పొంగి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. గ్లెన్ రోజ్ దగ్గర కూడా నేల సున్నపురాయే, పైన మట్టి పొర పలచన. వాన పడితే ఇంకదు, నేరుగా ఏటిలోకి జారుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన పడ్డ వాన మీ దగ్గరికి వస్తుంది. నీళ్ళు రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా ఫొటో సగంలో ఉన్నా సరే గట్టెక్కేయండి. ఆరంగుళాల ప్రవాహం పెద్ద మనిషిని పడగొట్టగలదు, అడుగు లోతు నీళ్ళు చిన్న కారుని తేల్చేస్తాయి. తిరుగుదారిలో రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు వెనక్కి తిప్పండి. ఫోన్‌లో ప్రభుత్వ హెచ్చరికల శబ్దం ఆపేసి ఉంటే ముందు ఆన్ చేయండి. ఉరుము వినిపిస్తే కారులోకి వెళ్ళి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి.

పాములున్నాయి. కాపర్‌హెడ్, నీళ్ళ దగ్గర కాటన్‌మౌత్. కనిపించని చోట చెయ్యి పెట్టకపోతే చాలు, వాటి దారిన అవి పోతాయి. పాయిజన్ ఐవీ అని మూడేసి ఆకుల తీగ ఒకటి ఉంటుంది, మన దురదగొండికి పెద్దన్న. మూడాకుల మొక్క కనిపిస్తే పిల్లల్ని తాకనివ్వకండి. గడ్డిలో దుప్పటి పరిచే ముందు ఫైర్ యాంట్స్ అనే చీమల పుట్ట లేదని చూసుకోండి, ఒకటి కుట్టదు, వంద కలిసి కుడతాయి. ఇంటికెళ్ళగానే స్నానం చేసి చంకల్లో, మోకాలి వెనక, పిల్లలకి చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూడండి.

రాత్రి ఉండాలనుకుంటే

టెంటు వేసుకునే చోట్లు అయిదు నెలల ముందు నుంచే బుక్ అవుతాయి. అక్టోబరు శనివారాలకి మే నెలలోనే కూర్చోవాలి. సైటుకి సాధారణంగా ఎనిమిది మంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి, అంటే అంత్యాక్షరి తొమ్మిదిన్నరకే ముగించాలి. టెంటు ఎప్పుడూ వేయనివాళ్ళు పార్కుల శాఖ నడిపే 'టెక్సాస్ అవుట్‌డోర్ ఫ్యామిలీ' శిబిరాల్లో ఒకదానికి వెళ్ళి చూడండి. సామాను వాళ్ళే ఇచ్చి దగ్గరుండి నేర్పిస్తారు. రెండు వందల డాలర్ల టెంటు కొని గరాజ్‌లో పడేసుకునే కంటే అది మేలు.

ఏరు మొండికేస్తే

ముందు రోజు గ్రాఫ్ చూశారు, గీత లేచింది, చుట్టాలేమో సోమవారం వెళ్ళిపోతున్నారు. ఇంట్లో కూర్చోనక్కర్లేదు. ఆ దారిలోనే క్లీబర్న్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ ఏటి గొడవ లేదు, చెరువు ఉంటుంది. ఏడాది పాస్ అక్కడా చెల్లుతుంది, కాకపోతే ఆ పార్కుకి విడిగా బుక్ చేసుకోవాలి. గ్లెన్ రోజ్ దాటాక ఫాసిల్ రిమ్ ఉంది, కారులో కూర్చునే జిరాఫీల మధ్య తిరగొచ్చు. పెద్దవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది, దిగక్కర్లేదు కాబట్టి. దానికి టిక్కెట్టు ఖరీదెక్కువ, అదీ ముందే కొనాలి.

అడుగులు చూడ్డానికి పెట్టుకున్న తేదీని మాత్రం రద్దు చేయకుండా ముందుకి జరపండి. గడువులోపు మార్చుకుంటే పెద్దగా నష్టం ఉండదు. నాన్న విషయంలో అది పదహారు నెలలు ముందుకి జరిగింది.